పటం చదివే పద్ధతి: ముఖాన్ని ఆఖర్న చూడండి

ఊరి సెంటర్లో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారనుకోండి. పై మూలన పోయిన పెద్దాయన, పక్కన పార్టీ అధినేత, మధ్యలో నిలువెత్తున పుట్టినరోజు మనిషి, అడుగున రూపాయి బిళ్లలంత ముఖాలతో పది పదిహేనుమంది. టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు దాన్ని అర నిమిషంలో చదివేస్తారు. ఎవరు ఎవరి మనిషో, ఎవరి బొమ్మ చిన్నదైందో, పోయినేడు ఉన్న ముఖం ఈ ఏడు ఎందుకు లేదో వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే జనం మ్యూజియంలో ఒక రాజుగారి చిత్తరువు ముందుకెళ్తే మాత్రం "కళ్లలో ఎంత తేజస్సు!" అని ఆగిపోతారు. ఫ్లెక్సీ దగ్గర పనిచేసిన బుర్ర అక్కడ కూడా పనిచెయ్యాలి. అందుకో పద్ధతి ఉంది.

పద్ధతి మొత్తం ఒక్క నియమం మీద నడుస్తుంది: ముఖాన్ని ఆఖర్న చూడాలి. బొమ్మ వేయించుకున్నవాడి బేరమంతా ముఖం దగ్గరే జరుగుతుంది. మచ్చలు పోయేదీ, వయసు తగ్గేదీ అక్కడే. చేతులు, చెప్పులు, వెనక గోడ, పటం అంచుల మీద అంత నిఘా ఉండదు. అందుకే నిజాలు అక్కడ దొరుకుతాయి.

కావలసినవి

ఒక బొమ్మ, నోటుపుస్తకం, చిన్న స్కేలు, కదలకుండా ఒక గంట. బొమ్మని మ్యూజియం సొంత వెబ్‌సైట్ నుంచి, దొరికినంత పెద్ద సైజులో దించుకోండి. వాట్సాప్‌లో తిరిగేది పనికిరాదు. దాని అంచులు ఎవరో కత్తిరించి ఉంటారు, రంగులు ఎవరో అద్ది ఉంటారు. ఇప్పుడు ఇంకో తంటా వచ్చింది: పాత ఫొటోలకు "క్లారిటీ" తెచ్చే ఏఐ యాప్‌లు. మసకగా ఉన్న చోట అవి ఊహించి గీస్తాయి. లేని ముక్కుపుడక వస్తుంది, నేత చీర పట్టుచీర అవుతుంది. అలాంటి బొమ్మ మీద ఎంత జాగ్రత్తగా పనిచేసినా చదివేది యాప్ ఊహనే.

మెట్టు 1: పేరు మూసేసి, కనిపించేదే రాయండి

బొమ్మ కింద రాసినదాన్ని కాగితంతో కప్పండి. పది నిమిషాల్లో కనీసం ఇరవై అంశాలు రాయండి. వరస ఇదీ: అంచులు, వెనకున్నది, నేల, పాదాలు, బట్టలు, నగలు, చేతులు, తలమీదిది, చివరికి ముఖం. "గంభీరంగా ఉన్నాడు" అని రాస్తే కొట్టేయండి, అది మీ అభిప్రాయం. "పెదవులు కలిసి ఉన్నాయి, చూపు మనవైపు లేదు" అంటే అది కనిపించేది.

ఒకరికంటే ఎక్కువమంది ఉంటే స్కేలు తీయండి. ప్రతి ముఖం గడ్డం నుంచి నుదుటి దాకా ఎంతుందో కొలిచి, అన్నిటికన్నా పెద్దదాన్ని 100 అనుకుని మిగతావాటిని దాంతో పోల్చండి. ఫ్లెక్సీలో అధినేత 100 అయితే జిల్లా నాయకుడు 60 దగ్గర, వార్డు కార్యకర్త 15 దగ్గర ఉండొచ్చు. దర్బారు చిత్రాల్లో ఇంత తేడా కనబడదు గానీ, ఎవరు సింహాసనానికి ఎంత దూరంలో, ఎంత ఎత్తున నిలబడ్డారో కొలిస్తే అదే సంగతి బయటపడుతుంది.

మెట్టు 2: డబ్బు ఎవరిది, తీసింది ఎవరు, చూసేది ఎవరు

మూడు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు రాయండి. మూడింట్లో కూర్చున్న మనిషి పేరే వస్తే అది సొంత బొమ్మ. ఒక్కదాంట్లో కూడా రాకపోతే ఆ మనిషిని బొమ్మ కోసం వాడుకున్నారన్నమాట.

హైదరాబాద్‌లోనే రెండు కొసలూ దొరుకుతాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోలు చాలావరకు కూర్చునేవాళ్లు కోరి తీయించుకున్నవే. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక ఇంగ్లీషు మహిళకు అప్పజెప్పారు. ఆ స్టూడియో ఫొటో చేతికొస్తే "ఆవిడ సిగ్గుపడుతోంది" అని రాయకండి. ఎదురుగా ఉన్నదెవరు, తర్వాత ఆ ఫొటో ఎవరి కంట పడబోతోంది అని అడగండి. జవాబు ఇల్లే అయితే, ఆ భంగిమ ఇంటివాళ్ల కోసమే.

రెండో కొస చూడాలంటే 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా 8 సంపుటాలుగా వేసిన "ది పీపుల్ ఆఫ్ ఇండియా" ఫొటోలు తీయాలి. చాలా బొమ్మల కింద మనిషి పేరుండదు, కులమో తెగో ఉంటుంది. వాళ్ల గుణం ఎలాంటిదో, నమ్మదగినవాళ్లో కాదో పక్కన రాసి ఉంటుంది. ఇంకా ముదిరిన రకం ఒకటుంది. 1869లో లాంప్రే అనే ఆయన చెక్క చట్రానికి పట్టుదారాలు కట్టి, రెండంగుళాల గడులు చేసి, వాటి ముందు మనిషిని నిలబెట్టి ఫొటో తీయాలని ప్రతిపాదించాడు. అండమాన్‌లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ తీసిన ఫొటోల్లో వెనక గడులు కనిపించేది ఈ ఆలోచనతోనే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ ఇదే ధోరణిలో ముక్కులు, తలలు కొలుస్తూ తిరిగాడు. 1909లో 7 సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో తెలుగు కులాలూ ఉన్నాయి. వెనక గడులున్నా, మనిషిని ఎదురుగా ఒకటి పక్కవాటుగా ఒకటి రెండు సార్లు తీసినా, పేరుకు బదులు కులం ఉన్నా, అది చిత్తరువు కోసం తీసింది కాదు, దఫ్తరు కోసం తీసింది. అందులో ముఖం బిగుసుకుని ఉంటే దాన్ని "ఆ జాతి స్వభావం" అనడం ఆ దఫ్తరు చెప్పిందే మళ్లీ చెప్పడం.

మెట్టు 3: ఒంటిమీద ఏముంది, ఏం తీసేశారు

బట్ట దగ్గర ఎక్కువసేపు ఆగండి. తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిపక్క మండపంలో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. క్యూ తోసేస్తుంది గానీ ఈసారి రెండు సంగతులు పట్టుకోండి. తలమీద పొడుగాటి కుళ్లాయి, పైన వట్టి ఒళ్లు. కుళ్లాయి విజయనగర దర్బారు వేషం, పర్షియా, సుల్తానుల ఆస్థానాల తీరు నుంచి వచ్చింది. ఆ దర్బారులోకి వెళ్లడానికి కుళ్లాయి పెట్టుకుని, కోక చుట్టుకుని, కూర్పాసమనే అంగీ తొడుక్కోవాల్సి వచ్చిందని వాపోయే చాటువు శ్రీనాథుడి పేరు మీద ఉంది. ఆ వేషం తొడుక్కోవడం ఎంత ముఖ్యమో, కవిగారికి అది ఎంత ఎబ్బెట్టుగా ఉందో ఒక్క పద్యంలో తెలిసిపోతుంది. రాయలు దేవుడి ఎదుట పై బట్ట తీసేశాడు, కుళ్లాయి ఉంచుకున్నాడు. భక్తుడూ రాజూ ఒకే శరీరంలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నారో ఆ మెడ దగ్గర గీత గీసి చూపించవచ్చు.

ఇక తీసేసింది. 1520 ప్రాంతంలో రాయల్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, మధ్యరకం ఎత్తు, సన్నం కన్నా లావే అనొచ్చు, ముఖాన మశూచి మచ్చలున్నాయి అని రాశాడు. ఆ మచ్చలు విగ్రహంలో లేవు, తర్వాత వచ్చిన క్యాలెండర్ బొమ్మల్లో ఉండే మాటే లేదు. రాతలో దొరికిన వర్ణన, బొమ్మలో దొరికిన రూపం పక్కపక్కన రెండు నిలువు వరసల్లో రాయండి. రెండిటికీ పొసగని చోటే ఎవరో ఏదో నిర్ణయం తీసుకున్నారు.

దీనికి ఆధునిక జోడీ గాంధీ, అంబేడ్కర్. గాంధీ 1921 సెప్టెంబర్ 22న మదురైలో చొక్కా, టోపీ వదిలి కొల్లాయికి దిగారు. అంబేడ్కర్ పటాల్లో నీలం సూటు, టై, కళ్లజోడు, చేతిలో రాజ్యాంగం. ఒకాయన నిరాడంబరుడు, ఇంకొకాయన దొరబాబు అని ఈ రెంటినీ చదివితే తప్పు చదివినట్టే. మంచి బట్ట కట్టుకోవడానికి ఎప్పుడూ హక్కున్నవాడు దాన్ని వదిలితే త్యాగం అవుతుంది. మంచి బట్ట కడితే కొట్టే ఊళ్లో పుట్టినవాడు సూటు వేస్తే అది ధిక్కారం. వేషానికి సొంతంగా అర్థం ఉండదు. ఆ మనిషికి ఏది నిషేధమో దాన్నిబట్టి అర్థం వస్తుంది. కాబట్టి ఈ మెట్టులో అడగాల్సిన ప్రశ్న: ఆ కాలంలో, ఆ కులంలో, ఆ ఆడో మగో మనిషి వేసుకోకూడనిది ఏమిటి?

మెట్టు 4: రెండు తేదీలు వేయండి

ఒకటి బొమ్మ తయారైన తేదీ, రెండోది దాన్ని అక్కడ పెట్టిన తేదీ. చాలామంది మొదటిదాంతో ఆగిపోతారు. రాజకీయం తరచు రెండోదాంట్లో ఉంటుంది.

అంబేడ్కర్ 1956లో కన్నుమూశారు. పార్లమెంటు ఆవరణలో విగ్రహం 1967లో వచ్చింది, సెంట్రల్ హాల్లో పటం 1990 ఏప్రిల్ 12న. అప్పుడు ప్రధాని వీపీ సింగ్, అదే ఏడు భారతరత్న, అదే ఏడు ఆగస్టులో మండల్ (బీసీ రిజర్వేషన్ల) ప్రకటన. 34 ఏళ్ల ఆలస్యానికి కారణం పటంలో వెతికితే దొరకదు, తేదీలో ఉంటుంది. మన దగ్గరకొస్తే, పల్లెల్లో అంబేడ్కర్ విగ్రహం ఎప్పుడు నిలబడిందో అడిగి రాసుకోండి. కారంచేడు (1985), చుండూరు (1991) దళిత హత్యాకాండల తర్వాత కోస్తాలో దళితవాడ మొగదల నిలిచిన విగ్రహానికీ, 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో ప్రభుత్వాలు నిలబెట్టిన 125 అడుగుల విగ్రహాలకీ రూపం ఒకటే. మొదటిది చందాలు వేసుకుని, కాపలా కాసి నిలబెట్టుకున్నది. రెండోది టెండరు పిలిచి కట్టింది. రెంటినీ ఒకే వాక్యంలో వర్ణించలేరు.

ఎక్కడ పెట్టారో కూడా ఈ మెట్టులోనే రాసేయండి: ఎత్తు, ఎదురుగా ఏముంది, దండ ఎవరు వేస్తారు. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వద్దని 2015 మేలో సుప్రీంకోర్టు అంది. రాష్ట్రాలు మొరపెట్టుకుంటే 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫొటోలకూ సరే అంది. ముఖం ఎంత ఖరీదైన జాగానో తెలియకపోతే ఇంత వ్యాజ్యం ఎందుకు నడుస్తుంది?

మెట్టు 5: అదే మనిషి ఇంకో బొమ్మ తెచ్చి పక్కన పెట్టండి

అన్నిటికన్నా పనికొచ్చే మెట్టు ఇది. ఒకే బొమ్మతో అర్థం చెప్పబోతే ఊహ పరుగెత్తుతుంది. రెండోది రాగానే దానికి కళ్లెం పడుతుంది.

దక్కన్ నుంచే ఒక జత తీసుకుందాం. మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపే స్థాయికి ఎదిగినవాడు. మొఘల్ సేనల్ని ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. 1616 ప్రాంతంలో జహంగీర్ ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ వేసిన బొమ్మ ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. అందులో జహంగీర్ భూగోళం మీద నిలబడ్డాడు. భూగోళం కింద ఎద్దు, ఎద్దు కింద చేప. చేతిలో విల్లు. ఎదురుగా ఈటెకు గుచ్చిన మాలిక్ అంబర్ తల, దాని మీద గుడ్లగూబ. న్యాయానికి గుర్తుగా తక్కెడ వేలాడుతోంది.

తేదీలు వేయండి. మాలిక్ అంబర్ 1626లో సహజంగా పోయాడు. జహంగీర్ బాణం అతనికెప్పుడూ తగల్లేదు. అంటే ఇది జరిగినదాని బొమ్మ కాదు, జరగనిదాని బొమ్మ. ఇప్పుడు సైజు చూడండి: పుస్తకం పేజీ అంత. గోడకు తగిలించేది కాదు, ఆల్బంలో ఉండి చక్రవర్తి, అతని దగ్గరివాళ్లు మాత్రమే చూసేది. ప్రజల్ని భయపెట్టడానికని రాసేస్తే ఇక్కడ దొరికిపోతారు, ప్రజలకది కనపడనే కనపడదు. గెలవలేని శత్రువు మీద చక్రవర్తి తన ఆల్బంలో గెలిచాడు, అంతవరకే చెప్పగలం.

రెండోది 1620 ప్రాంతంలో మొఘల్ చిత్రకారుడే అయిన హషీం వేసిన మాలిక్ అంబర్ బొమ్మ, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పక్కవాటు ముఖం, తెల్లని జామా, నిబ్బరంగా నిలబడ్డ పెద్దమనిషి. ఈటె లేదు, గుడ్లగూబ లేదు. మొదటి బొమ్మలో తలకాయగా మిగిలినవాడికి ఇక్కడ నిలువెత్తు శరీరం ఉంది. ఒక మనిషిని ఎంతవరకు చూపించారు అన్నది కూడా రాజకీయమే. ఈ రెంటినీ పక్కన పెట్టకముందు "మొఘలులు అతన్ని అసహ్యించుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లం.

మెట్టు 6: కత్తెర ఎక్కడ పడిందో వెతకండి

జేబులోంచి ఒక నోటు తీయండి. గాంధీ ఎవర్నో చూసి నవ్వుతున్నట్టుంది కదా. నిజంగానే ఎదుట మనిషి ఉన్నాడు. ఆ ముఖం 1946లో అప్పటి వైస్రాయ్ భవనం దగ్గర తీసిన ఫొటోలోది. పక్కనున్నది బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్. 1996 నోట్ల శ్రేణికి పక్కమనిషిని తీసేశారు, నవ్వు మిగిలింది. సామ్రాజ్యం తరఫున మాట్లాడటానికొచ్చినాయన దగ్గర పుట్టిన నవ్వు ఇప్పుడు కూరగాయల బండి దగ్గర చేతులు మారుతోంది.

నోటు మీద ఎవరుండాలన్నదానికీ ఓ వెనక కథ ఉంది. బ్రిటిష్ కాలం నుంచీ రాజు ఆరో జార్జి తల ఉండేది. ఆయన్ని తీశాక గాంధీని పెట్టాలని నమూనాలు కూడా తయారయ్యాయి. చివరికి సారనాథ్ సింహాల వైపు మొగ్గారు. 1949 రూపాయి నోటు అలా వచ్చింది. రాజు ముఖం పోయిన చోట ఏ ముఖమూ పెట్టకపోవడం కూడా ఒక మాట చెప్పడమే. గాంధీ నోటెక్కింది 1969లో, శతజయంతికి. అప్పటి బొమ్మలో కూర్చుని ఉన్నారు, వెనక సేవాగ్రాం. 1996కి వచ్చేసరికి ఆశ్రమం పోయింది, ముఖం దగ్గరకొచ్చింది. నేపథ్యం తీసేస్తే మనిషి ఏ పనికీ, ఏ చోటుకూ చెందకుండా అందరివాడవుతాడు. అందరివాడైనవాడితో ఎవరికీ పేచీ ఉండదు.

కత్తెర పట్టుకునే చిట్కా: భుజం సగంలో ఆగినా, చూపు చట్రం బయటికి పోయినా, అంచున ఎవరిదో చెయ్యి మిగిలినా పూర్తి ఫొటో ఎక్కడో ఉందన్నమాట. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (ఫొటోనే ఇచ్చి నెట్‌లో వెతకడం) చేసి చూడండి.

మెట్టు 7: కెమెరా తప్పుని మనిషి మీద రుద్దకండి

తొలినాళ్ల ఫొటోకి మనిషి చాలాసేపు కదలకుండా కూర్చోవాలి, తల కదలకుండా వెనక ఇనుప కొక్కెం పెట్టేవారు. కాబట్టి 1850లలో ఎవరూ నవ్వకపోవడం ఏ రాజకీయానికీ సాక్ష్యం కాదు. 1880లలో డ్రై ప్లేట్లు (త్వరగా బొమ్మ పట్టే గాజు పలకలు) వ్యాపించాక ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. ఆ తర్వాత కూడా ముఖం బిగిసి ఉంటే, అప్పుడు మర్యాద గురించీ హోదా గురించీ మాట్లాడండి.

ఇంకొకటి మనకి ముఖ్యం. పాత ప్లేట్లకు ఎరుపు దాదాపు కనపడదు. కుంకుమబొట్టు నల్లగా, లేత నీలం చీర తెల్లగా, చామనఛాయ ఉన్నదానికన్నా నల్లగా వస్తాయి. "తెల్లచీర కట్టింది కాబట్టి వితంతువు" అని రాసి నవ్వులపాలు కాకండి. దీనికి విరుగుడుగా స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిల్‌తో రంగు తేల్చేవారు. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు ఉంటే అది పెన్సిల్ పని. రంగు తేల్చమన్నదెవరో అడిగితే మళ్లీ సమాజం దగ్గరికే వస్తాం.

స్టూడియో సామాను సంగతి కూడా. గుండ్రబల్ల, పుస్తకం, రేడియో, చేతిగడియారం ఆ మనిషివే అనుకోవద్దు. అదే స్టూడియోలో తీసిన ఇంకో మూడు నాలుగు ఫొటోలు చూడండి. అదే కుర్చీ అందరి కిందా ఉంటే అది స్టూడియోది. అప్పుడు ప్రశ్న మారుతుంది: లేని పుస్తకాన్ని చేతిలో పట్టుకోవాలని వాళ్లకెందుకనిపించింది?

మెట్టు 8: పోలికే లేని పటాలు

వేమన ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. అయినా ఆ దిగంబర రూపం అందరం గుర్తుపడతాం. ఇలాంటి చోట "పోలిక కుదిరిందా" అన్న ప్రశ్న మానేసి, "ఈ రూపం ఎవరికి కావలసి వచ్చింది" అని అడగాలి. అల్లూరి సీతారామరాజు చేతిలో విల్లంబులు లేని విగ్రహం మీకు దాదాపు కనపడదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద ఆయన దళం పడింది తుపాకుల కోసమే, తీసుకెళ్లింది తుపాకులే. పటంలో మాత్రం విల్లే మిగిలింది. మన్యాన్ని అడవికీ పురాణానికీ దగ్గర చేస్తుంది విల్లు. తుపాకీ అయితే ప్రభుత్వాలకు అంత సుఖంగా ఉండదు. 1974 నాటి సినిమా గెటప్ ప్రభావమూ చాలా విగ్రహాల్లో కనిపిస్తుంది.

బొమ్మ మారకుండానే అర్థం తిరగబడటానికి ట్యాంక్‌బండ్ చాలు. ఎన్టీఆర్ హయాంలో తెలుగు వైభవమని నిలబెట్టిన వరసలో మావాళ్లెందరున్నారని తెలంగాణ ఉద్యమం అడిగింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కొన్ని విగ్రహాలు కూలాయి, తర్వాత మళ్లీ పెట్టారు. ఆ విగ్రహాల మీద రాసేవాళ్లు చెక్కిన శిల్పి గురించి ఎంత రాసినా, ఆ తేదీ లేకపోతే సగం వదిలేసినట్టే.

మెట్టు 9: ఇప్పుడు ముఖం, తర్వాత రాత

ఇంత అయ్యాక ముఖం చూడండి. మొదటి చూపులో కనిపించిన "తేజస్సు" కొంత తగ్గి ఉంటుంది.

రాసేటప్పుడు మూడు రకాల వాక్యాలు కలపకండి. కనిపించేది, తెలిసినది, అనుకునేది. అబుల్ హసన్ బొమ్మకి ఇలా రాయొచ్చు: "జహంగీర్ భూగోళంపై నిలబడి, ఈటెకు గుచ్చిన తలమీదికి బాణం వేస్తున్నాడు. ఆ తల మాలిక్ అంబర్‌ది. అతడు అప్పటికి బతికే ఉన్నాడు. దక్కన్‌లో మొఘలుల ఎదురుదెబ్బలకు ఆల్బంలో వేసుకున్న మందు కావచ్చు." చివరి వాక్యంలో "కావచ్చు" తీసేసే హక్కు మనకి లేదు.

సాధనకి ఇంట్లో పాత ఫొటో తీసుకోండి. అట్ట సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవుంటే అది క్యాబినెట్ కార్డు అనే పాత స్టూడియో సైజు. రెండున్నర, నాలుగంగుళాలుంటే చిన్నరకం విజిటింగ్ కార్డు సైజు. వెనక స్టూడియో పేరు, ఊరు ఉంటే రాసుకోండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, కోడళ్లు ఏ కొసన ఉన్నారు, ఎవరి పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు అన్నది ఇంటి పెద్దావిణ్ణి అడిగి ఇవాళే పట్టుకోండి. ఆ పేర్లు ఫొటో వెనక అంచు దగ్గర మెత్తని 2బి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ వద్దు, దాని ఒత్తిడి ముందువైపు ఎవరో ఒకరి ముఖం మీద గీతగా తేలుతుంది.